గీత పడ్డ కాడి మాట

మంజీర పొంగి మా సోయ చేను మీద మోకాలెత్తు ఇసుక పోసిపోయిన ఏడు నా పెండ్లాం ధర్మి సచ్చిపోయింది. ఆ వరద మరుసటేడు, జొన్న కోతలు అయినంక, బాన్సువాడ కండ్ల దవాఖానల నా కుడికన్నుకు ఆపరేషన్ చేసిండ్రు. నేను చెప్పేది ఆ దినం పగటిపూట ఒక్క గంట సంగతి.

గంటసేపు ఎల్లెలకల పండాలె, తల అటు ఇటు తిప్పద్దు, దగ్గద్దు, కన్ను తుడువద్దు, ఎక్కువ మాట్లాడద్దు అని నర్సు సుచరిత చెప్పింది. మా కొడుకు బిడ్డ రేఖ పక్కకే ఉండె. ఆఖరుది మా తాతకు చెప్పే పనే లేదు సిస్టర్, ఆయన ఎప్పుడన్న మాట్లాడితే మాకు ఫోన్ చెయ్యి, వచ్చి ఇంటం అన్నది. ఇద్దరు నవ్విండ్రు. రేఖ గీ బాన్సువాడలనే ఒక ఆఫీసుల పని చేస్తది, కిరాయి రూముల ఉంటది. మందుల చిట్టీ పట్టుకోని బయటికి పోయింది. నేను, పైన తిరిగే పంకా, కుడికంటి మీద దూది పట్టీ మిగిలినం. ఎడమ కంటిల పొర ఇంక తియ్యలే. అది తెరిస్తే పొగ, మూస్తే చీకటి. చీకటే నయమని మూసుకున్న.

చీకట్ల చెవులు పెద్దగయితయి. బస్టాండు దిక్కుకెల్లి బిచ్కుంద, బిచ్కుంద, పిట్లం అని ఎవడో ఒర్రుతుండు. పక్క మంచం మీద ఒక ముసలాయన దగ్గుతుండు. వరండల చెప్పులు ఈడ్సుకుంట ఎవరో పోతుండ్రు. పంకా ఒక్కొక్క తిరుగుడుకు టక్కుమంటున్నది, టక్కుమన్నప్పుడల్ల నాకు పాటల మిషిని మీద ప్లేటు తిరిగినట్టే ఉన్నది, నల్ల ప్లేటు, నడుమ ఎర్ర కాయితం, దాని మీద వంగిన ముల్లు, ముల్లు పట్టిన ఇనుప చెయ్యి మీద ఒక ఐదు పైసల బిళ్ళ. బిళ్ళ ఎందుకు పెడ్తవ్ రాందాస్ మామా అంటే బరువు లేకుంటే ముల్లు ఎగురుతదిరా, మనిషైనా గంతే అన్నడు. ఎక్కడి రాందాసు, ఎక్కడి బిళ్ళ. ఇన్నాళ్ళకు ఎందుకు యాదికొచ్చిందో అనుకుంటున్న, అప్పుడు తెలిసింది, ఊరికెనే యాదికి రాలే. ఆడోళ్ళ దిక్కుకు మా దిక్కుకు నడుమ ఒక పచ్చగుడ్డ తెర కట్టిండ్రు. ఆ తెర అవుతల ఎవరో ముసలామె సన్నగ కూనిరాగం తీస్తున్నది. మాటలు లేవు, రాగమే. బొగ్గుబండి ఎల్లిపాయె, పొగ... అని నా లోపల మాటలు వాటంతట అవే పడుతున్నయి. పొగ అన్న కాడ ఆమె ఊపిరి పీల్చింది. పాట నడుమల, ఎవ్వరు పీల్చని కాడ. మిగిలిపాయె అన్నది తర్వాత వచ్చింది.

ఆ ఊపిరి నాకు తెలుసు. ఏడేండ్ల వయసుల ఆ ఊపిరితోని నేనుగూడ ఊపిరి పీల్చేటోన్ని.

మా చిన్నాయన పెండ్లికి బిచ్కుందకెల్లి రాందాసు మైక్ సెట్టు ఎడ్లబండి మీద వచ్చింది. మా తండల మైకు మోగుడు అదే మొదలు. ఇప్పచెట్టుకు మైకు బోంగ కట్టిండు, దాని నోట్ల ఒక పిల్ల కూసుండేటంత ఉండె. ముసలోళ్ళు దాని ఎనక పోయి ఎవలున్నరని చూసి వచ్చిండ్రు. గప్పుడు రాందాసు గొంతు సవరించుకోని, ఇగ ఇనుండ్రి, బోధన్ రోజారాణి పాట అన్నడు. నాకు తెలుగు రాదు. ఇంట్ల మా బాస తప్ప ఒక్క ముక్క తెలువదు. అయినా ఆ గొంతు వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు అయింది. జీడి బెల్లం లెక్క గట్టిగుండి, లోపల కరిగే గొంతు. మొదటి మాట, రెండో మాట, ఇగ మూడోది వచ్చిన కాడ ఏదో అయింది నాకు. ఏమన్నదో సమజ్ కాలే. రాగం ఒక్కసారి మీదికి పోయి, అక్కడ నిలబడి, కిందికి చూసినట్టు అయింది. మల్ల ఇనాలె అనిపించింది. అందరు బువ్వకు కూసున్నరు, రాందాసు గూడ కూసున్నడు, మిషిని ఒక్కటే తిరుగుతుంది. నేను పోయిన. ఆ ఇనుప చెయ్యిని లేపాలని నాకేం తెలుసు. రెండు వేళ్ళతోని పట్టి ఎనుకకు గుంజిన. బోంగ నోట్లకెల్లి కర్రుమని ఒక సప్పుడు, తండ తండంత ఇన్నది. నా పక్కకే రెడ్యా మేకపిల్ల నిలబడ్డది. నేను చెట్టు సాటుకు పోయిన. మేక పోలే.

అందరు మేకనే తిట్టిండ్రు. మేక నాది, కొడితే నేను కొడతా, నువ్వెవనివి కొట్టేటందుకు అని రెడ్యా కాక రాందాసు మీదికి పోయిండు. చిన్నాయన పెండ్లిల పెద్ద పంచాయితి. నేను ఒక్క మాట అంటే ఒడిసిపోయేది. అనలే. ఆ మేక ఆ దసరకే కూర అయింది, దాని కూర నేను గూడ తిన్న. నా నోరు మూతవడ్డది ఆ దినమే అని ధర్మికి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్న. నీ నోరు ఎవడు కుట్టిండు అని ఆమె అడిగినప్పుడల్ల మేక యాదికొచ్చేది.

గీత పడ్డది. అప్పటికెల్లి ఆ పాట ఆ కాడికి వచ్చేసరికి పొగల నీ మొకం జూస్తి, మొకం జూస్తి, మొకం జూస్తి అని అక్కడక్కడనే తిరిగేది. మూడుసార్లు ఇని రాందాసు వేలుతోని ముందుకు నూకేటోడు. ముల్లు ఒక్కసారి దుంకి రైలుకట్ట మీద నేను రాయి లెక్క కూసుంటి అన్న కాడ పడేది. నడుమ మాట పోయింది. ఈ దిక్కుల ఆ ప్లేటు ఒక్క రాందాసు తాననే ఉండె. పెద్ద కొడప్‌గల్ కాడి తండలన్నిటికి, జుక్కల్ దాంక, అదే ప్లేటు పోయేది. పాట గట్లనే ఉంటదని అందరు అనుకున్నరు. పెండ్లిల, కలుపుల, నాట్లల, ఆడోళ్ళు మొకం జూస్తి అని మూడుసార్లు అని, ముల్లు దుంకినట్టే దుంకి, రైలుకట్ట ఎక్కేటోళ్ళు. ఒక్కసారి అంటే, తప్పు పాడినవ్ పిల్లా, మూడుసార్లు అనాలె అని ముసలోళ్ళు దిద్దేటోళ్ళు. తప్పు అని నాకొక్కనికే తెలుసు. ఒరిజినల్ మనసుపెట్టి ఇన్నది నేను, ఇన్నంక గూడ ఏమన్నదో తెలువనిది నేను. తెలుగు వచ్చేసరికి ఆ మాట లేదు.

బడికి గూడ అందుకే పోయిన. మాటలు ప్లేటు నడుమ ఎర్ర కాయితం మీద రాసి ఉంటయి, చదువు వస్తే చదువుకోవచ్చు అనుకున్న. మూడేండ్లు రామబ్రహ్మం సారు కాడ అక్షరాలు దిద్దిన. అచ్చులు కాంగనే రో అనేది ఎట్ల రాస్తరు సార్ అని అడిగితే సారు ఆశ్చర్యపోయిండు, నేను బడిల అడిగిన ఒకే ఒక్క మాట అది. మూడో ఏడు రాందాసు ఇంకో పెండ్లికి వచ్చిండు. ప్లేటు మీద కాయితం చదివిన. బోధన్ రోజారాణి అండ్ పార్టీ అని ఉన్నది. అంతే. మాటలన్ని ఆ నల్ల గీతలల్ల ఉన్నయి, ఆ గీతలు చదివే బడి ఎక్కడ లేదు. మర్నాటి సంది బడికి పోలే. బాపు మేకల కాడికి పంపిండు అని అందరు అనుకున్నరు. మేకలు నా మీద పగ తీర్చుకున్నయి అని నేను అనుకున్న.

తెర అవుతల రాగం ఆగింది. మొకం జూస్తి కాడ ఆగింది. మల్ల మొదలువెట్టింది, బొగ్గుబండి నుంచి. పొగ, ఊపిరి, మిగిలిపాయె. గొంతు పాతబడ్డది, అంచులు చినిగినయి, నడుమ అక్కడక్కడ బొక్కలు. అయినా ఆమెనే. ఒక్కసారి ఆమెను చూసిన, నాకు పదేండ్లప్పుడు, బిచ్కుంద జాతరల. లారీ మీద స్టేజి, చుట్టు పెట్రోమాక్సులు, బాపు నన్ను నెత్తి మీద ఎత్తుకున్నడు. దూరంకెల్లి ఒక పచ్చ చీర, తెల్ల బూట్లు. ఆడమనిషి బూట్లు ఏసుకునుడు అదే చూసుడు. మొకం కనవడలే, మైకు అడ్డమున్నది. ఆ తర్వాత రెండేండ్లు మా తండ పోరగాండ్లందరం కొడవలి పిడిని మైకు లెక్క పట్టి పాడినం, నేను మాత్రం నోరు కదిపేటోన్ని, సప్పుడు చేసేటోన్ని కాదు. తర్వాత సిన్మ పాటలు వచ్చినయి, క్యాసెట్లు వచ్చినయి, రోజారాణి ఎటు పోయిందో ఎవ్వరికి తెలువదు. మొన్నీమధ్య రేఖ ఫోన్ల ఎతికింది. ఆ పేరు మీద ఇంకెవరెవరో వచ్చిండ్రు గని ఆమె రాలే.

పోచవ్వా, సుక్కల మందు ఏస్తా, కదలకు అని సుచరిత గొంతు తెర అవుతల ఇనవడ్డది. ఇంకో పది పదిహేను నిమిషాలకు చందర్ వ్యాను వస్తది, జుక్కల్ దిక్కోళ్ళందరు పోవాలె, రేపు పట్టీ అక్కడనే ఇప్పుతరు అని గూడ అన్నది. రాగం తీసేటామె సరే బిడ్డా అన్నది. పోచవ్వ. రోజారాణి కాదు. నా మనసు ఒకసారి కిందికి జారింది, మల్ల లేచింది. పోచవ్వ అనే పేరుతోని ప్లేటు ఎవలు కొడ్తరు. బోధన్ చెక్కెర ఫ్యాక్టరీ కాడి పోచవ్వ లారీ ఎక్కి రోజారాణి అయింది, దిగి మల్ల పోచవ్వ అయింది. ఊపిరి మాత్రం పేరు మార్చుకోలే.

పదిహేను నిమిషాలు. ఆ మాట ఏందో తెలిసిన మనిషి నాకు ఆరడుగుల దూరంల ఉన్నది, నడుమ ఒక గుడ్డ. అడగాలె. నాలిక మీద మాట ఉన్నది, నోరు తెరుస్తలేదు. నా జీవునం అంత గిట్లనే పోయింది. ధర్మి తోని గూడ.

ధర్మి మా ఇంటికి వచ్చిన రెండో ఏడు జొన్నల కలుపు తీస్తుండ్రు ఆడోళ్ళు. నేను గట్టు మీద నీళ్ళ కుండ పట్టుకోని వస్తున్న. అదే పాట. మొకం జూస్తి అని ఒక్కసారే అన్నది ధర్మి. మూడుసార్లు అనాలె అని పక్కామె నవ్వేలోపల, రాగాన్ని మీదికి తీసుకపోయి, ఒక మాట పెట్టింది అక్కడ. సొంతంగ కట్టింది. రాగం అచ్చం అట్లనే మీదికి పోయి, నిలబడి, కిందికి చూసింది. ఏడేండ్లప్పుడు చెట్టు కాడ ఇన్నది మల్ల వచ్చింది. కుండల నీళ్ళు నా కాళ్ళ మీద ఒలికినయి. ధర్మి నా దిక్కు చూసింది. ఎట్లున్నది అన్నది. అందరు చూస్తుండ్రు. నేను ఊఁ అన్న. కుండ కింద పెట్టి పోయిన. మూడు నాలుగేండ్లు ఆడోళ్ళు ధర్మి మాట పెట్టే పాడిండ్రు, తర్వాత పాటనే పోయింది. రాందాసు దుకునం బంద్ పెడ్తె ఆ గీత పడ్డ ప్లేటు నేను అడిగి తెచ్చుకున్న. ఏం చేస్తవ్ దీన్ని అని, అది తీసుకపోయి ధర్మి నీళ్ళ గోలెం మీద మూత పెట్టింది. నలభై ఏండ్ల సంది దాహమైనప్పుడల్ల దాన్ని లేపి, ముంచుకోని, మల్ల పెట్టిన. చెప్పలే. నిరుడు ఇసుక పడ్డ పదిహేను దినాలకు ఆమెకు జరం వచ్చింది. అప్పటికే నా రెండు కండ్లల పొర ముదిరింది. మంచం పక్కకు కూసున్న. పొగల చూసినట్టు చూసిన ఆమె మొకం, ముక్కు ఎక్కడో, నోరు ఎక్కడో. ఎట్లున్నది అని నేను అడిగిన. ఊఁ అన్నది. అది ఆఖరుది. తర్వాత రేఖ కండ్ల దవాఖానకు పోదాం తాతా అని సాలు పొడుగూత బతిమిలాడింది, నేను రానంటే రాను అన్న. పొర తీస్తే ఆ పొగ గూడ పోతది కద. ఆమెను ఆఖరుకు చూసింది దాంట్లనే.

బయట వ్యాను హారన్ కొట్టింది.

"రోజారాణక్కా," అన్న.

పంకా నాలుగైదుసార్లు టక్కుమన్నది.

"ఎవలు తమ్మీ? ఆ పేరు తోని పిలిచెటోళ్ళంత పోయిండ్రు కద."

"నీ పాటకు గీత పెట్టింది నేనే."

ఏం గీత అన్నది. చెప్పిన. ఇనుప చెయ్యి, మేక, రెడ్యా కాక, మూడుసార్లు మొకం జూస్తి, జుక్కల్ దాంక అందరు తప్పు పాడుడు. నా జన్మల ఒక్కసారే అన్ని మాటలు ఎన్నడు మాట్లాడలే, నాకే ఎవరో మాట్లాడినట్టున్నది. ఆమె నవ్వుడు మొదలువెట్టింది. కిలకిల గాదు, లోపలికెల్లి, మంచం కిర్రుకిర్రుమనేటట్టు. సుచరిత ఉరికొచ్చి అవ్వా నవ్వద్దు, కంటికి మంచిది కాదు అన్నది. అరవై ఏండ్ల కింద సచ్చిన మేక మీద నింద తీసిపారేస్తుండు బిడ్డా, నవ్వకుంట ఎట్లుంటరు అన్నది. మా దిక్కు అందరు మూడుసార్లు అనేటోళ్ళు, నేను మా పార్టీలోళ్ళే నేర్పిండ్రేమో అనుకున్న అని గూడ అన్నది.

"నడుమ మాట ఏందక్కా?"

ఉండు, చెప్తా అన్నది. గొంతు సవరించుకున్నది. ఇప్పుడు మాటలతోనే ఎత్తుకున్నది, సన్నగ. బొగ్గుబండి ఎల్లిపాయె, పొగ, ఊపిరి, మిగిలిపాయె. పొగల నీ మొకం జూస్తి. ఆగింది. మొకం జూస్తి. మల్ల ఆగింది. మొకం జూస్తి... ఆమె నోట్లనే గీత పడ్డది. మూడుసార్లు అదే కాడ తిరిగి ఆమె గొంతు ఊరుకున్నది.

పోయింది తమ్మీ అన్నది. కట్టిచ్చినాయన ఏనాడో పోయిండు, తబలా ఆయన పోయిండు, నా తాన ప్లేటు గూడ లేదు, కిరాయి ఇండ్లు మారుడుల పగిలింది. నేను పండుకున్నప్పుడల్ల రాగం తీస్త, ఆ కాడికి పోతే మాట దొరుకుతదేమో అని. దొరుకది.

అయితే ఇగ అది ఎక్కడ లేదు. నేను గుంజిన దినమే అది పోయింది. నా ఎడమ కన్ను దానంతట అదే తెరుసుకున్నది, పచ్చగుడ్డ పొగలెక్క ఊగుతుంది. వ్యాను డ్రైవరు చందర్ లోపలికి వచ్చి జుక్కల్, జుక్కల్ అంటుండు. మంచాలు కదులుతున్నయి. నేను నోరు తెరిచిన. మాటగ చెప్తె అది రాదు. రాగంతోనే రావాలె. కొడవలి పిడి పట్టుకోని గూడ సప్పుడు చెయ్యని గొంతు, తుప్పు పట్టిన తలుపు లెక్క తెరుసుకున్నది.

"కండ్లు మండినా తుడువనైతి, కరిగిపోతవని."

పక్క మంచం ముసలాయన దగ్గుడు ఆపిండు.

"ఎవలు కట్టిండ్రు?" అన్నది ఆమె.

"ధర్మి. నా పెండ్లాం."

"మంచిగున్నదని చెప్పినవా ఆమెకు?"

ఊఁ అన్ననని చెప్పిన. ఆమెకు తెలిసింది.

"రెండు గీతలు పెట్టినవ్ తమ్మీ నువ్వు," అన్నది. కోపంగ గాదు. అక్క తమ్మున్ని అన్నట్టు.

ఆమెను లేపి నిలబెడ్తున్నరు, చెప్పులు ఎతుకుతున్నరు. తల తిప్పొద్దు కద, తిప్పలే. తిప్పినా తెర ఉన్నది, తెర లేకున్నా పట్టీ ఉన్నది. బిచ్కుందల గూడ మైకు అడ్డమున్నది. ఆమె మొకం నాకు ఇయ్యాల గూడ లేదు, లేకున్నా నడుస్తది. వరండల చెప్పులు ఈడ్సుకుంట పోతుంటె ఆమె గొంతు మొదలయింది. ఈసారి గట్టిగ. పొగ, ఊపిరి, మిగిలిపాయె. పొగల నీ మొకం జూస్తి, ఒక్కసారే. తర్వాత రాగం మీదికి పోయింది, నిలబడ్డది, ధర్మి మాట దాంట్ల పడ్డది, కుండల నీళ్ళు పడ్డట్టు. అవుతలికెల్లి ఇంకెవరో ఆడామె గొంతు కలిపింది. వ్యాను తలుపు పడ్డది, బండి స్టార్టయింది, రైలుకట్ట మీద అన్న మాట దాంక ఇనవడ్డది, ఆ తర్వాత బస్టాండోడి బిచ్కుంద, బిచ్కుంద. రేఖ మందులు తీసుకోని వచ్చింది. ఏంది తాతా, నువ్వు మాట్లాడినవంట, సిస్టర్ చెప్తుంది అన్నది. ఊఁ అన్న.

తెల్లారి పొద్దుగాల పట్టీ ఇప్పిండ్రు. సుచరిత మొకం చూసిన, రేఖ మొకం చూసిన, గోడ మీద బల్లిని గూడ చూసిన. నల్లద్దాలు పెట్టి, తుడువద్దు అని మల్ల చెప్పి పంపిండ్రు. రేఖ సెలవు పెట్టి నాతోని బస్సుల తండకు వచ్చింది. ఇంట్లకు పోంగనే గోలెం మీది మూత లేపిన. వాకిట్ల ఎండకు పట్టి, అద్దాలు తీసి చూసిన. ఇన్నేండ్ల మన్ను, తడి, అయినా గీత కనవడ్డది. ఎంటిక సన్నగ, గోరంత పొడుగు. ఇంతేనా అనిపించింది. మంచిగున్నది ధర్మీ, మస్తు మంచిగున్నది అన్న, బయటికే, గట్టిగనే. రేఖ నా కన్ను సంగతి అనుకోని సంతోషపడ్డది. ఎండ కొట్టి కండ్లల్లకెల్లి నీళ్ళు కారినయి. మండినయి. తుడువలే.